చూలాలి భర్త మోయకూడనిది

దోహా, ఫరీజ్ బిన్ మహమూద్
13 ఏప్రిల్ 2025, ఆదివారం

చిరంజీవి కీరన్‌కు ఆశీస్సులు.

ఇవాళ ఈ ఉత్తరం రాయడానికి కారణం నిన్నటి నీ ఫోను. ధాత్రి స్పీకర్ పెట్టింది కాబట్టి నేనూ విన్నాను. వెనక బేస్‌లో వంటశాలలో ఉన్నానని, రోజంతా బంగాళాదుంపలు తరగడమే నీ పనని చెప్పావు. అది నవ్వింది. అంతకు ముందు సోమవారం అంబులెన్సు నడుపుతున్నానన్నావు. ఆ ముందు వారం స్టోర్స్‌లో ఉన్నానన్నావు. నేను ఏజీ ఆఫీసులో ఆడిట్ చేసి రిటైరైన మనిషిని. ఒకే ఉద్యోగి మూడు వారాల్లో మూడు చోట్ల కనిపించాడంటే ఏ చోటా లేడని అర్థం.

జనవరిలో వెళ్ళేటప్పుడు నువ్వు చెప్పింది వేరు. ఉక్రెయిన్‌లో యుద్ధం పక్కకొచ్చిన ఒక ఊళ్ళో గుర్రపుశాల చిక్కుకుపోయింది, నీ పాత సైన్యం స్నేహితుడు ఫర్గల్ రమ్మన్నాడు, గుర్రాలను బయటికి చేర్చి నెలలో వస్తానన్నావు. గుర్రాలు బయటపడ్డాయి. నువ్వు పడలేదు. ఆగస్టు నెలాఖరు దాకా వాళ్ళ సైన్యంలో సంతకం పెట్టేశావు. ధాత్రికి నెల తప్పిన సంగతి నీకు సంతకం పెట్టాక తెలిసింది. ఎందుకు పెట్టావని అప్పుడే అడిగాను. మళ్ళీ అడగను.

ఇప్పుడు అడిగేది ఒకటే. అక్కడ నీ పని ఏమిటి? ధాత్రికి నాలుగో నెల. దానికి చెప్పవద్దు. తల్లి లేని నా మనవరాలు, నా చేతుల మీద పెరిగింది, దానికి ఏది ఎప్పుడు చెప్పాలో నేను చూసుకుంటాను. వాళ్ళ నాన్న తెల్లవారుజామున సైటుకు వెళితే చీకటి పడ్డాక వస్తాడు, వాడికి చెప్పినా గోడకు చెప్పినా ఒకటే. కానీ ఈ ఇంట్లో ఒక్కరికైనా నిజం తెలిసి ఉండాలి. ఆ ఒక్కరూ నేనే.

తెలుగులో రాయి. ఇంగ్లీషులో నువ్వు అబద్ధం నున్నగా చెబుతావు. తెలుగులో నీకు అన్ని మాటలు రావు. ఫోనుతో మాట్లాడితే అదే రాస్తుందట కదా. ఇక్కడ దోహా గుర్రపుశాలలో నీతో పనిచేసిన జలంధర్ దగ్గర నేర్చుకున్న ఆ భాషేదో అలాగే రానీ, అర్థం చేసుకుంటాను. కానీ పెద్దవాళ్ళను 'మీరు' అనాలి.

భానుమతి


ఊరి పేరు రాయొద్దన్నరు
19 ఏప్రిల్

నానమ్మకు దండాలు.

నువ్వు అంటున్నందుకు కోపం చెయ్యకు. జలంధరన్న వాళ్ళ అమ్మను గూడ నువ్వనే అంటడు. మీరు అంటె నాకు మా పాత కర్నల్ యాదికొస్తడు.

దొరికిపోయిన. ఆలుగడ్డలు అబద్ధం. నేను ట్రక్కు నడుపుత. ఎన్క పెద్ద డబ్బా, లోపట చల్లగ ఉంటది. ముంగట కొట్లాటల చచ్చిపోయినోళ్లను ఒక ఊర్ల జమ చేస్తరు. నేను, ఇంకొక పిలగాడు వాళ్లను ఎత్తి, మోసి, బండ్ల పండుకోబెట్టి పట్నం తెస్తం. ఆడ దవాఖానల మల్ల మోసి దించుతం. గదే నా డ్యూటీ.

భయపడకు. ఇది సేఫ్ డ్యూటీ నానమ్మ. ముంగటికి పోయేది లేదు. చచ్చిపోయినోళ్లు ఎవ్వర్నీ ఏమనరు. వాసన ఒక్కటే. సబ్బు పెట్టి ఎంత కడిగినా గోర్లల్ల ఉంటది. ధాత్రితోని మాట్లాడుతుంటె ఫోన్ పట్టుకున్న చేతికెల్లి అదే వాసన. గందుకే ఆలుగడ్డలు.

మా పెండ్లిల నువ్వడిగినవ్, "గుర్రం లేని గుర్రపుదళం ఏమిటి?" అని. అందరు నవ్విన్రు. మా ఐర్లండ్ సైన్యంల కావల్రీ అంటరు గని గుర్రం మాఫీ, ఒక్కటి గూడ ఉండది. అన్ని ఇనుప బండ్లే. ఎనిమిదేండ్లు నేను గుర్రపోన్నని టోపీ పెట్టుకొని తిరిగిన, ఒక్కనాడు గుర్రం ఎక్కలే. నిజం గుర్రాలతోని పని దోహాకు వచ్చినంకనే. గిప్పుడు మల్ల ఇనుప బండే. నా నసీబు.

ఆగస్టు అయిపోంగనే కాయితం అయిపోతది. బిడ్డ అక్టోబర్ల గద. సెప్టెంబర్ల నేను ఇంట్ల ఉంట. యల్లా, ఫికర్ చెయ్యకు.

కీరన్


దోహా, ఫరీజ్ బిన్ మహమూద్
25 ఏప్రిల్ 2025, శుక్రవారం

చిరంజీవి కీరన్‌కు ఆశీస్సులు.

నిజం రాశావు, మంచిది. 'నువ్వు' సంగతి నువ్వు వచ్చాక తేలుద్దాం.

ఆ పని మాత్రం నువ్వు చేయడానికి వీల్లేదు. చూలాలి భర్త శవాన్ని మోయకూడదు. భార్య ప్రసవించేదాకా పాడె పట్టకూడదు, శ్మశానం గడప తొక్కకూడదు. మా ఇళ్ళల్లో ఇది నియమం. క్షౌరం చేయించుకోకూడదు, ఇల్లు కట్టకూడదు, ఇంకా చాలా చెబుతారు. అవేవీ నేను లెక్కలోకి తీసుకోను. జుట్టు శుభ్రంగా కత్తిరించుకో. ఇదొక్కటి తీసుకుంటాను.

చదువుకున్నదానివి నీకిదేం చాదస్తం అంటావు. విను. నా మొదటి కాన్పప్పుడు మా ఆయన ఆఫీసులో ఒక గుమాస్తా పోయాడు. ఎత్తడానికి మనుషులు చాల్లేదు. మా అత్తగారు వద్దని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. "ఇరవయ్యో శతాబ్దంలో ఉన్నాం, మీరు వెళ్ళండి" అని పంపింది నేనే. ఎనిమిదో నెలలో బిడ్డ కదలడం మానేసింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని చూపడానికి నా దగ్గర ఓచరు లేదు. లేదని చూపడానికీ లేదు. ధాత్రి కడుపు మీద మళ్ళీ ఆ పరీక్ష నేను పెట్టను.

కాబట్టి నీ అధికారిని కలిసి డ్యూటీ మార్పించుకో. నిజంగానే బంగాళాదుంపలు తరుగు. నా పేరు చెప్పు.

ఇవాళ సెలవని జలంధర్ ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్ నుంచి బస్సు పట్టుకుని భోజనానికి వచ్చాడు. "అమ్మా, మా సారు ఉత్తరం రాసిండట. తెలుగు మంచిగుందా?" అన్నాడు. "అది తెలుగా? మనవరాలిని ఐర్లండ్ వాడికి ఇచ్చాననుకున్నాను, జగిత్యాల వాడికి ఇచ్చినట్టుంది" అన్నాను. "గట్లయితె ఇంక మంచిదే గదమ్మా!" అని పప్పు మళ్ళీ వేయించుకున్నాడు. ధాత్రి పడీ పడీ నవ్వింది. అది ఆరోగ్యంగా ఉంది.

డ్యూటీ మారగానే రాయి.

భానుమతి


అదే జాగ
11 మే

నానమ్మకు దండాలు.

మారింది! నీ పేరు మీదనే మారింది.

కమాండర్ దగ్గరికి పోయి చెప్పిన, "నా పెండ్లాం కడుపుతోని ఉంది, మా నానమ్మ పీనుగులు మొయ్యొద్దంటుంది" అని. గాయిన పకపక నవ్విండు. "ఎవరి నానమ్మ?" అన్నడు. "నా పెండ్లాం నానమ్మ. ఇండియా మనిషి, కతార్‌ల ఉంటది, సర్కారు ఆడిటర్." ఆడిటర్ అనంగనే నవ్వు బంద్ చేసిండు. జర సేపు ఆలోచించి, "నువ్వు గుర్రాల పని చేసినోనివి గద?" అన్నడు.

నానమ్మ, గుర్రాలు! ఈడ నాలుగు గుర్రాలున్నయి. రైతులు ఇడిసిపెట్టి పోయినయి. బండి పోతె మీదికెల్లి డ్రోన్ చూస్తది, మోటరు చప్పుడు దూరం ఇనబడ్తది, బురదల దిగబడ్తది. గుర్రం చెట్ల నడుమకెల్లి నిమ్మళంగ పోతది. నీళ్లు, రొట్టెలు, బ్యాటరీలు మోపిచ్చి ముంగటోళ్లకు ఇచ్చి రావాలె. వచ్చేటప్పుడు దెబ్బ తాకినోళ్లుంటె కూసోబెట్టి తేవాలె. పీనుగులు కాదు, బతికున్నోళ్లు. నీ నియమం నియమమే.

అండ్ల ఒక ఆడ గుర్రం, బూడిద రంగుది. ఏది పెట్టినా ముందు వాసన చూస్తది, తలకాయ వంచి మల్ల చూస్తది, అటెన్క గని తినది. దానికి ఆడిటర్ అని పేరు పెట్టిన. కోపం చెయ్యకు.

ఇన్నేండ్లకు నిజం గుర్రపోన్ని అయిన. ఐర్లండ్‌ల మా అమ్మకు, కిల్డేర్‌కు ఫోటో పంపిన, ఏడ్చింది. ధాత్రికి గూడ పంపుత, గుర్రాల కాడ గడ్డి వేస్తున్ననని చెప్త. అది అబద్ధం కాదు, గడ్డి గూడ వేస్త.

నా జాగల ట్రక్కు ఫర్గల్ నడుపుతుండు. ఆనికి పెండ్లాం లేదు, ఏ నానమ్మ లేదు.

కీరన్


దోహా, ఫరీజ్ బిన్ మహమూద్
16 మే 2025, శుక్రవారం

కీరన్‌కు,

నీ ఉత్తరం వచ్చినప్పుడు చదివి సంతోషించాను. ఇవాళ మధ్యాహ్నం జలంధర్‌తో మాట్లాడాక మళ్ళీ చదివాను.

నేను మామూలుగానే అడిగాను. "యుద్ధంలో గుర్రాన్ని ఎక్కడ వాడతారు జలంధర్?" అన్నాను. వాడు మజ్జిగ తాగుతూ, "బండి పోలేని కాడికి వాడతరమ్మా" అన్నాడు. "బండి ఎందుకు పోలేదు?" "పోతె చస్తరు గనక." ఆ మాట అన్నాక వాడికే తెలిసి గ్లాసు కింద పెట్టాడు. "సారు గుర్రాల కాడ ఉన్నడా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. ధాత్రి పక్క గదిలో ఉంది. నేను తల ఊపాను. వాడు ఇంకేం తినలేదు.

నేను చేసింది ఇదీ. వెనక ఉన్నవాణ్ణి తీసి ముందు పెట్టాను. కాగితం మీద సరిగ్గా ఉందా అని చూశానే తప్ప, మార్చిన చోట ఏముందో అడగలేదు. కొత్తగా చేరిన గుమాస్తా కూడా అడిగే ప్రశ్న అది.

కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఆ నియమాన్ని రద్దు చేస్తున్నాను. చెప్పినదాన్నీ నేనే, రద్దు చేసేదాన్నీ నేనే. వెంటనే ట్రక్కు డ్యూటీకి తిరిగి వెళ్ళు. శవాలు మోయి. రోజుకు ఎన్ని మోసినా సరే. నీ అధికారి నవ్వితే నవ్వనీ. ఆ ముసలిదానికి మతి లేదని చెప్పు.

ధాత్రి బాగుంది. రాత్రి భోజనం సరిగ్గా తింటోంది.

భానుమతి


అదే జాగ
8 జూన్

నానమ్మ,

నీ ఉత్తరం వచ్చి చాన దినాలైంది. ఎట్ల చెప్పాల్నో తెల్వలే. ఫోనుకు మాట్లాడుత, అది రాస్తది, నేను చదువుకొని కొట్టేస్త. ఇది ఎన్నోసారో తెల్వది.

ట్రక్కు మీద బాంబు పడ్డది. ఫర్గల్ పోయిండు. పట్నం తొవ్వలనే. ముంగట కాదు, ఎన్క. సేఫ్ డ్యూటీ అని నేను నీకు రాసిన గద, ఆ తొవ్వలనే. తెల్లారి పొగమంచు ఉండె, అది తేలిపోయింది, డ్రోన్ వచ్చింది. గా సీట్ల నేనుండాలె.

నీ మాట నన్ను బతికిచ్చింది నానమ్మ. నువ్వు రద్దు చేసిన అంటున్నవ్. అట్లెట్ల రద్దయితది? అది నువ్వు పెట్టింది కాదు గద, మీ పెద్దోళ్లు పెట్టింది. నేను ట్రక్కు కాడికి పోను. శవం ముట్టను.

ఇంకొకటి చెప్త. ఎవ్వరికి చెప్పలే. ఫర్గల్‌ను దించేటప్పుడు నేను ఆడనే ఉన్న. నలుగురు కావాలె, ముగ్గురున్నరు. నా దిక్కు చూసిన్రు. నేను ముట్టలే. చేతులు ఎన్కకు పెట్టుకొని నిలవడ్డ. ధాత్రి కడుపు యాదికొచ్చింది, నీ మొదటి బిడ్డ యాదికొచ్చింది. ముగ్గురే మోసిన్రు. ఒక దిక్కు వంగిపోయింది. ఆని బూటు నేలకు గీసుకుంట పోయింది. ఆనికి పదహారేండ్లున్నప్పటి సంది నాకు దోస్తు. నేను సైన్యంల చేరిందే ఆడు చేరిండని.

నేను తప్పు చేసిన్నా? నువ్వు లెక్క చూసి చెప్పు.

కీరన్


దోహా, ఫరీజ్ బిన్ మహమూద్
12 జూన్ 2025

చిరంజీవి కీరన్‌కు,

నువ్వు ఏ తప్పూ చేయలేదు. ఫర్గల్ తల్లిదండ్రులకు నా తరఫున కూడా రెండు మాటలు రాయి.

గుర్రాలు మాని మరేదైనా అడుగు. ట్రక్కు వద్దు, గుర్రాలూ వద్దు. వంట, బట్టలుతకడం, ఏదైనా. జబ్బని చెప్పు. నిన్ను అబద్ధం చెప్పమనే రోజు వస్తుందని నేను అనుకోలేదు, చెప్పు.

నీ దగ్గర నేను దాచినది ఒకటి ఉంది. నిన్ను నిజం రాయమని అడిగి, నేను దాచాను. మే నెలలో ధాత్రికి రక్తస్రావమైంది. ఆసుపత్రిలో ఉంచుకుని పంపారు. అప్పటి నుంచి మంచం దిగకూడదన్నారు. నీతో మాట్లాడేటప్పుడల్లా దిండ్లు ఆనించి కూర్చోబెడుతున్నాను, ముఖానికి పౌడరు రాస్తున్నాను. అదీ నీకు అబద్ధం చెబుతోంది, నువ్వూ దానికి చెబుతున్నావు, మధ్యలో కూర్చుని ఇద్దరివీ వింటున్నాను.

దానికి నువ్వు కావాలి. ముందుగా వచ్చే దారి ఉందేమో అడుగు.

భానుమతి


అదే జాగ
22 జూన్

నానమ్మ,

ధాత్రి గురించి చదివినంక నిద్ర పోతలే. కమాండర్‌ను అడిగిన. ఆగస్టుకు ముందు పంపుడు కాదన్నడు. గుర్రాలకు ఇంకో మనిషి దొరికిందాక ఈడనే అన్నడు. మంచోడే గని, మనుషులు లేరు.

ఫర్గల్ బూటు గీసుకున్న చప్పుడు చెవులల్ల ఉంది. ఆడిటర్‌కు నాడాలు కొట్టేటప్పుడు గూడ అదే ఇనబడ్తది. నానమ్మ, శవం మోస్తె బిడ్డకు మంచిది కాదు, మొయ్యకపోతె నాకు మంచిది కాదు. ఈ మధ్యల ఎట్ల ఉండాలె?

తొవ్వల ఎవరన్న చచ్చి పడి ఉంటె గుర్రాన్ని పక్కకెల్లి తిప్పుకొని పోతున్న. మావోళ్లు చూస్తున్నరు.

కీరన్


దోహా, ఫరీజ్ బిన్ మహమూద్
4 జూలై 2025, శుక్రవారం

చిరంజీవి కీరన్‌కు ఆశీస్సులు.

ఒక శుభవార్త. ఇవాళ ధాత్రికి సీమంతం చేశాం. మంచం మీద పడుకునే ఉంది, అయినా చేశాం. జలంధర్ ఏషియన్ టౌన్‌కు వెళ్ళి గాజులు తెచ్చాడు. అన్నీ ఎర్రవే తెచ్చాడు, ఆకుపచ్చవి తేవాలని వాడికి తెలియదు. "అమ్మా, పగిలిపోకుండ బస్సుల ఒళ్ళె పెట్టుకొని తెచ్చిన, పెండ్లికూతురు పక్కన కూసున్నట్టుండె" అన్నాడు. ధాత్రి చాలా రోజులకు నవ్వింది. శుక్రవారాలూ సైటుకు వెళ్ళే వాళ్ళ నాన్న ఇవాళ సెలవు పెట్టాడు.

ఇంకో సంగతి. హైదరాబాద్‌లో మా పురోహితుడితో ఫోనులో మాట్లాడాను. సీమంతం అయ్యాక చూలాలి భర్తకు ఆ నియమం వర్తించదట. సీమంతమే బిడ్డకు రక్షట. అది జరిగాక భర్త శవాన్ని ముట్టినా, మోసినా దోషం లేదట. ఇది నాకు ముందు తెలియదు. శాస్త్రంలోనే ఉంది. కాబట్టి నియమం ఇవాళ్టితో ముగిసింది. ఇది నేను రద్దు చేయడం కాదు.

ఇక నీకు ఏ అడ్డూ లేదు. పట్నం ఆసుపత్రిలో శవాలు దించే పని ఉందన్నావు కదా. బండి ఎక్కనక్కరలేదు, దారిలో తిరగనక్కరలేదు. అది అడుగు. గుర్రాలు వదిలేయ్.

భానుమతి


అదే జాగ
24 ఆగస్టు

నానమ్మకు దండాలు.

చాన దినాలు నెట్టు లేదు. నీ సీమంతం ఉత్తరం మాత్రం ఫోన్ల ఉంది, పొద్దుగాల ఒకసారి చదువుకుంట. దవాఖాన డ్యూటీ అడిగిన. ఖాళీ లేదన్నరు. అయిపాయె, ఇంకొక వారమే గద.

సెప్టెంబర్ మూడుకు టికెట్ తీసిన! ధాత్రికి చెప్పకు, నేనే తలుపు కొడ్త. జలంధరన్నను ఎయిర్‌పోర్టుకు రమ్మన్న. ఇంటి నంబర్ కంటె ముందు ఆయన నంబరే ఈడ రాసిచ్చిన, ఏదన్న ఉంటె ధాత్రికి సీదా ఫోన్ పోవద్దని. ఏం ఉండది గని.

నానమ్మ, నీ ఉత్తరం వచ్చిన కాడి నుంచి ఛాతి మీదికెల్లి బండ దించినట్టయింది. గిప్పుడు చెప్పేది ఇని సంతోషపడు. పెట్రో అని మాతోని ఉండె పిలగాడు, ఇరవై రెండేండ్లు. మొన్న ముంగట చెట్ల కాడ చచ్చిపోయిండు. ఇంక ఆడనే ఉన్నడు. వాళ్ళ అమ్మ పక్క ఊరికెల్లి రోజు వస్తది. మా గేటు కాడ నిలవడ్తది. ఏడ్వది, అడగది, ఊకె నిలవడ్తది. జూన్ల అయితె నేను తల వంచుకొని పోదును. గిప్పుడు నాకు అడ్డం లేదు. పొగమంచు పడ్డప్పుడు ఆడిటర్‌ను తీసుకొని పోయి ఆ పిలగాన్ని తెస్త. రేపు పొద్దుగాల. దూరం లేదు.

ఫర్గల్‌కు చెయ్యలేనిది ఈనికి చేస్త. చేసి ఇంటికొస్త.

బిడ్డ తంతుందా? ధాత్రి చెప్తలేదు.

కీరన్


దోహా
24 ఆగస్టు, సాయంత్రం

కీరన్, వెళ్ళవద్దు.

పురోహితుడు ఏమీ చెప్పలేదు. నేను ఏ పురోహితుడితోనూ మాట్లాడలేదు. సీమంతానికీ ఆ నియమానికీ సంబంధం లేదు. నిన్ను గుర్రాల నుంచి తప్పించాలని నేను కల్పించాను. నా జన్మలో రాసిన మొదటి తప్పుడు పద్దు అది. నియమం ఉంది. అలాగే ఉంది. బిడ్డ పుట్టేదాకా ఉంటుంది. శవాన్ని ముట్టవద్దు. నా మొదటి బిడ్డ మీద ఆన.

చదవగానే ఒక్క మాట రాయి.


24 ఆగస్టు, రాత్రి

ఒక్క గీతే పడింది. రెండో గీత పడలేదు. నీ ఫోనుకు చేరలేదన్నమాట. ఫోను చేస్తే ఏదో భాషలో ఆడమనిషి గొంతు వస్తోంది. జలంధర్ దగ్గర నీ అధికారి నంబరు ఉందేమోనని అడిగాను. లేదు.

ఆ తల్లిని గేటు దగ్గర నిలబడనీ. నేను పాపిష్టిదాన్నే, నిలబడనీ. నువ్వు వెళ్ళకు.


25 ఆగస్టు, ఉదయం

ఒక్క గీతే.

బిడ్డ తంతోంది. నువ్వు అడిగావు కదా. తెల్లవారకముందే లేచి తంతుంది, ధాత్రి నన్ను లేపి చెయ్యి పెట్టించింది.

నువ్వు నన్ను ఎలాగైనా పిలుచుకో. ఒక్క మాట పంపు.


28 ఆగస్టు

కీరన్, ధాత్రి అడుగుతోంది. సిగ్నల్ లేదని చెబుతున్నాను.


దోహా, ఆసుపత్రి, ప్రసూతి వార్డు
5 సెప్టెంబర్ 2025, శుక్రవారం

అమ్మా ధాత్రీ,

ఇది నీ చేతికి ఇచ్చి గది బయటికి వెళుతున్నాను. ఈ ఉదయం నువ్వు నా ముఖంలోకి చూసి, "నాయనమ్మా, కీరన్‌కి ఏమైంది?" అన్నావు. నేను మళ్ళీ సిగ్నల్ అన్నాను. నువ్వు గోడ వైపు తిరిగావు. నీకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది. నిన్న డాక్టరు నీకు ప్రమాదం తప్పిందని, పాప ఊపిరితిత్తులు బాగున్నాయని చెప్పింది. అందుకే ఇవాళ.

కీరన్ లేడు. ఆగస్టు 25 తెల్లవారుజామున పోయాడు.

నోటితో చెప్పలేక కాదు రాయడం. నోటితో చెబితే నాకు అనుకూలంగా చెబుతానని భయం. దీనితో పాటు నేను ఉత్తరాలు రాసే టాబ్లెట్ ఇస్తున్నాను. ఏప్రిల్ నుంచి మేమిద్దరం రాసుకున్నవన్నీ ఉన్నాయి. ఒక్కటీ తీయలేదు.

జలంధర్ గత శనివారం వచ్చాడు. వాడు శుక్రవారం తప్ప రాడు. తలుపు తీసి వాణ్ణి చూడగానే నేను పక్కకు జరగలేదు, వాడు లోపలికి రాలేదు. గుమ్మంలోనే, "అమ్మా, వాళ్ళ కమాండర్ ఫోన్ చేసిండు" అన్నాడు. నువ్వు లోపలి నుంచి "ఎవరు నాయనమ్మా?" అన్నావు. "కొరియర్" అన్నాను. జలంధర్ మెట్ల మీద కూర్చుని నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. నీకు వినపడకూడదని.

కమాండర్ చెప్పింది ఇది. కీరన్ పొగమంచులో వెళ్ళాడు. పెట్రోను గుర్రం మీదికి ఎక్కించి కట్టాడు. సగం దారిలో మంచు తేలిపోయింది. గుర్రం పెట్రోతో తిరిగి వచ్చింది. కీరన్ రాలేదు. రెండు రోజుల తర్వాత వాళ్ళ మనుషులు వెళ్ళి అతన్ని తెచ్చారు. నలుగురు మోశారట. ఆ సంగతి అడిగి తెలుసుకున్నాను.

నీకు చెప్పకుండా ఆపింది నేను. మీ నాన్న చెబుదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులకు నొప్పులు వచ్చాయి, పాప పుట్టింది. అతను పోయాడని తెలియకుండా కన్నావు. అది మంచో చెడో నువ్వే చెప్పాలి. నేను నిర్ణయించిన వాటి ఫలితం నువ్వు చదవబోతున్నావు.

ఇక జరగవలసినవి:

1. ఉత్తరాలు తేదీల వరుసలో చదువు. జూలై నాలుగున నేను రాసినదాన్ని రెండుసార్లు చదువు.

2. మధ్యలో పాపకు పాల వేళ అవుతుంది. నర్సు రాబియాకు సంగతి చెప్పాను. ఆమె తెస్తుంది. ఏడుస్తూనే ఇవ్వు. ఆపకు.

3. మధ్యాహ్నం కిల్డేర్ నుంచి కీరన్ తల్లి ఫోను చేస్తుంది. ఆమెకు అన్నీ తెలుసు, ఉత్తరాల సంగతి కూడా నేనే చెప్పాను. మీరిద్దరూ మాట్లాడుకోవాలి. నేను గదిలో ఉండను.

4. కీరన్‌ను ఎక్కడికి తీసుకెళ్ళాలో భార్యగా నువ్వు చెప్పాలి. ఆమె కిల్డేర్ అంటుంది. నీ మాటే చివరిది. మీ నాన్న కింద కారులో ఉన్నాడు, నువ్వు చెప్పాకే ఎంబసీకి ఫోను చేస్తాడు.

5. నువ్వు వెళ్ళాలంటే వెళ్ళు. బాలింత ఎప్పుడు ప్రయాణం చేయవచ్చో డాక్టరును అడుగు. పురుడు, మైల, గడప దాటడం, వీటి గురించి నన్ను అడగవద్దు. అడిగినా నేను చెప్పను.

6. పాప జనన పత్రంలో తండ్రి పేరు పూర్తిగా రాయించాలి. అక్షరాలు నువ్వే చూసుకో.

7. పెట్రో తల్లి నీతో మాట్లాడాలని కమాండర్ ద్వారా అడిగింది. ఇప్పుడే కాదు. ఎప్పుడన్నది, అసలు మాట్లాడాలా అన్నది నీ ఇష్టం.

8. నేను వరండాలో కుర్చీలో ఉన్నాను. పిలిస్తే వస్తాను. ఇవాళ పిలవకపోతే రేపూ అక్కడే ఉంటాను.